అత్తగారి బావికి అల్లుడి తాళం

ఆ ఉదయం ఇంజనీరు గారి కార్యక్రమం చాలా సాదాగా ఉంది. త్వరగా స్నానం ముగించడం, తెల్లచొక్కా తొడుక్కోవడం, తనిఖీకి వస్తున్న అధికారిణికి స్థలమంతా చూపించడం, ఆమె వెళ్ళిపోగానే ఇంటికి వచ్చి ఒక కునుకు తీయడం. వీటిలో స్నానం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఆయన ఉద్యోగం నేలను శుభ్రం చేయడం. వీధి చివర, ఇప్పుడు మూతపడిన కర్మాగారంలో, ఒకప్పుడు యంత్రభాగాల జిడ్డును ఒక ఘాటైన ద్రావకంతో కడిగేవారు. ఆ ద్రావకం ఏళ్ళ తరబడి మట్టిలోకి ఇంకి, అక్కడినుంచి భూగర్భజలంలోకి చేరింది. చెడిన మట్టిని తవ్వి తీయించడం, నీటిని తోడించి బొగ్గు నింపిన తొట్టెల గుండా పంపడం, చుట్టూ వేసిన బోర్లలో నీటిని పరీక్షించడం ఇంజనీరు గారి బాధ్యతలు. బోర్లన్నీ ఒక్కొక్కటిగా దారికి వచ్చాయి. ఉత్తరపు మూల బోరు మాత్రం శుభ్రపడినట్టే పడి, మళ్ళీ మొదటికి వచ్చేది. అది బాగుపడితే తప్ప వీధిలోని బావులకు వేసిన తాళాలు తీయడానికి వీల్లేదు.

ఆ తాళాలు వేసినది ఇంజనీరు గారే. ఆయన కాపురం ఆ వీధిలోనే, అత్తవారింటి మేడమీద వాటాలో. పెరట్లో అత్తగారి బావి ఉంది. ఆమె దానిని ఏనాడూ బావి అని పిలువలేదు. "మా బంగారుతల్లి" అనేవారు. అల్లుడు బంగారుతల్లి నెత్తిన ఇనుపమూత పెట్టి, తాళం బిగించి, సీలు వేసిన నాటినుంచి ఆమె ఆయనతో నేరుగా మాట్లాడడం మానేశారు. ఏది చెప్పవలసి వచ్చినా కూతురిని మధ్యన నిలబెట్టి చెప్పేవారు.

ఈసారి కూడా ఆ బోరు లొంగకపోతే పనిని మరొకరికి అప్పగించి, ఆయనను ఎక్కడికో పంపిస్తామని పైవారు హెచ్చరించారు. బదిలీకి ఆయన భయపడలేదు. తాళం తీయకుండా వెళ్ళిపోతే అత్తగారు జన్మలో తన ముఖం చూడరన్నదే ఆయన బెంగ.

నేల లోపల నీరు ఎటు నడుస్తున్నదో కనిపెట్టేందుకు, కొన్ని వారాల క్రితం, కర్మాగారంలోని పాత గుంటలో ఆకుపచ్చ రంగు పోయాలని ఆయన నిశ్చయించారు. మనిషికి గాని మొక్కకు గాని హాని చేయని రంగు. చెంచాడు సరిపోతుంది. ఆ సంగతి భోజనాల దగ్గర విని మామగారు నవ్వారు. ఆయన పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు.

"అంత నేలకి చెంచాడు రంగా? ముక్కుకి రాసుకోడానికా? డబ్బా అంతా ఒంపెయ్యవయ్యా!"

మామగారి మాటకు ఎదురు చెప్పే అలవాటు లేని అల్లుడు డబ్బా అంతా ఒంపేశారు. అయినా ఇంతవరకు ఏ బోరులోనూ ఆ రంగు జాడ లేదు.

"ఏమోయ్, నా తెల్లచొక్కా ఏది?" అని ఆయన భార్యను అడిగారు.

"అమ్మ ఉతుకుతానని నిన్న పట్టుకెళ్ళిందండీ."

ఇంజనీరు గారి మనసు ద్రవించింది. అత్తగారు కరిగారన్నమాట! ఆత్రంగా మెట్లు దిగి వెళ్ళారు. చొక్కా దండెం మీద ఆరుతోంది. లేత అరటాకు రంగులో మిలమిల మెరుస్తోంది.

"ఇదేంటి అత్తయ్యగారూ?"

అత్తగారు కూతురి వైపు తిరిగారు. "కొత్త సబ్బుపొడి అని చెప్పవే మీ ఆయనకి."

"తెల్లచొక్కా పచ్చగా అవడమేంటమ్మా?"

"ఆ మాట సబ్బుపొడినే అడగమను."

వారాలుగా ఆకుపచ్చ రంగు కోసం నేలంతా గాలించిన మనిషికి కళ్ళెదుట వేలాడుతున్న రంగు తట్టలేదు. అది పగ అనుకున్నారు. తాళానికి బదులు చొక్కా. మామగారి చొక్కా ఒకటి అరువు అడగడానికి లోపలికి వెళ్ళారు.

మామగారు ఉక్కపోతలో చెవులదాకా ఉన్నిటోపీ లాక్కుని కూర్చున్నారు.

"జలుబయ్యా," అన్నారు అడగకముందే.

"నిన్నట్నుంచీ ఇంతేనండీ. పడుకున్నా తియ్యట్లేదు," అంది భార్య కంగారుగా. "ముట్టుకోనివ్వట్లేదు కూడా. డాక్టరుగారిని పిలుస్తా."

ఎదురింటి డాక్టరు వచ్చారు. ఆయన కోటు ఆకుపచ్చగా ఉంది. ఆపరేషను కోటు అని, ఎవరూ అడగకుండానే చెప్పారు. హెడ్మాస్టరు గారి టోపీ అంచు ఇంచుక ఎత్తి లోపలికి తొంగి చూశారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరు టోపీని మళ్ళీ జాగ్రత్తగా కిందికి లాగారు.

"టోపీ అస్సలు తియ్యకూడదు. గాలి సోకితే ప్రమాదం."

ఆయన ధైర్యం చెప్పాననుకున్నారు. కూతురు మాత్రం హడలిపోయింది. తండ్రి తలకు ఏదో వింత జబ్బు వచ్చిందని ఆమె పక్కింటికి చెప్పింది. పక్కింటినుంచి బయలుదేరేసరికి ఆ జబ్బు కర్మాగారపు నేలనుంచి వచ్చినదయింది. వీధి చివరకు చేరేసరికి అది అంటుకునేదయింది.

ఇంజనీరు గారు మామగారి చొక్కాలో సగం మునిగి, అధికారిణికి ఉత్తరపు మూల బోరు చూపిస్తున్నారు.

"రంగు పోశానన్నారు. అదేమైంది మరి?" అని ఆమె అడిగారు.

"వెతుకుతున్నామండీ."

"డబ్బాడు రంగు ఆవిరైపోదు కదండీ. ఎక్కడికో వెళ్ళే ఉంటుంది."

అంతలో గేటు దగ్గర గోల వినిపించింది. వీధి వీధంతా కదిలి వచ్చింది. ముందు నిలబడి మాట్లాడడానికి పెద్దమనిషి కావాలని, హెడ్మాస్టరు గారిని ఆయన వద్దంటున్నా రెక్కలు పట్టుకుని మరీ తీసుకువచ్చారు. వెనుక అత్తగారు, డాక్టరు, ఇరుగుపొరుగు. "మా ఆరోగ్యాలకి ఎవరు జవాబు చెప్తారు?" అని కేకలు.

అధికారిణి గేటు తెరిపించి, గుంపును ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకసారి చూశారు. పచ్చ చొక్కాలు, పచ్చ లుంగీలు, పచ్చ తువ్వాళ్ళు.

"మీ వీధికి యూనిఫారం ఉందాండీ?"

అప్పుడు గాని వారు ఒకరినొకరు చూసుకోలేదు. ఇంటింటా తమ చొక్కా మాత్రమే పాడయిందని, ఆ సంగతి కడుపులోనే దాచుకోవాలని అనుకున్నారు. కేకలు వెనుక వరుసనుంచి ఆగిపోవడం మొదలై, ముందు వరుసకు వచ్చేసరికి నిశ్శబ్దమైంది.

"పెద్దవారు, మీరు చెప్పండి మాస్టారూ," అన్నారు అధికారిణి.

హెడ్మాస్టరు గారు జీవితమంతా పిల్లలకు నేర్పిన మర్యాద ఒకటుంది. అధికారులతో మాట్లాడేటప్పుడు తలమీద టోపీ ఉండరాదు. డాక్టరు వెనుకనుంచి "వద్దు, వద్దు" అంటూనే ఉన్నారు. కాని నలభై తరగతులను తీర్చిదిద్దిన చేయి ఆగలేదు. టోపీ ఊడివచ్చింది. దూదిలాంటి ఆయన తెల్లజుట్టు ఇప్పుడు వరినారులా నిగనిగలాడుతోంది.

ఇంజనీరు గారు ఆ తలను చూసి, నెలరోజులుగా తప్పిపోయిన బిడ్డ కనిపించినట్టు కేక వేశారు. "మామయ్యగారూ! నా రంగు!"

"మాస్టారూ, తలస్నానం ఏ నీళ్ళతో చేశారు?" అన్నారు అధికారిణి.

ఆయన అబద్ధమాడడం ఎరుగరు. భార్య వైపు చూశారు. అత్తగారిక ఓర్చుకోలేకపోయారు. కూతురిని పక్కకు నెట్టి, ఇన్నాళ్ళకు అల్లుడితో నేరుగా మాట్లాడారు.

"అవునయ్యా, తోడాను! మూతకి పక్కన కన్నం పెట్టి, పైన పూలకుండీ పెట్టి, చిన్న మోటారు దించి తోడాను. నువ్వు పనికి వెళ్ళగానే వేసేదాన్ని. తాగలేదు, బట్టలకీ స్నానాలకీ అంతే. తోడకపోతే బావి చచ్చిపోదూ? నేనొక్కదాన్నేనా? అడుగు వీళ్ళని!"

అడగనవసరం లేకపోయింది. డాక్టరు తన కోటు విప్పి మడతపెట్టుకుంటున్నారు.

అధికారిణి చాలాసేపు నవ్వి, తరువాత నేలమీద పుల్లతో గీసి చూపించారు. "మీరంతా ఇటునుంచి లాగుతున్నారు. మురికినీళ్ళు మీవైపే నడిచొస్తున్నాయి. ఈ ఉత్తరపు బోరు ఆ దారి అంచున ఉంది; రంగు దాని పక్కనుంచి జారిపోయినా, ఏళ్ళనాటి మురికి దాన్ని తగులుతూనే ఉంది. పాపం, అది ఎలా బాగుపడుతుంది?"

అత్తగారి గొంతు తగ్గింది. "అయితే తోడకుండా ఉంటే?"

"తాళం ఎప్పుడో ఊడేదమ్మా."

ఆ మాట వీధి మొత్తం మీద సమానంగా పడింది. ముందుగా తేరుకున్నది అత్తగారే. "మా అల్లుణ్ణి మార్చేస్తారా?"

"ఎందుకండీ? చెంచాడు పోసుంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. డబ్బా మొత్తం ఒంపే ధైర్యం ఇంకో ఇంజనీరుకి రాదు."

"ఆ సలహా నాదేనండి," అన్నారు హెడ్మాస్టరు గారు, పచ్చని తల సగర్వంగా ఎత్తి.

మోటార్లన్నీ ఆగిపోయాయి, ఒక్కటి తప్ప. మురికి అత్తగారి బావిదాకా వచ్చింది గనుక, అక్కడినుంచే తోడి బొగ్గు తొట్టెలకు పంపాలని అధికారిణి ఆదేశించారు. బంగారుతల్లిని ఇప్పుడు ప్రభుత్వమే దగ్గరుండి తోడిస్తున్నదని అత్తగారు వచ్చినవారికల్లా చెప్పుకున్నారు. అల్లుడికి చొక్కాలు ఉతికిపెట్టారు, కుళాయి నీళ్ళతో. మామగారి జుట్టు తెల్లబడేలోగా ఉత్తరపు బోరు దారికి వచ్చింది. నీళ్ళు వరుసగా శుభ్రమని తేలాక, వీధి అంతా చూస్తుండగా ఇంజనీరు గారు స్వహస్తాలతో తాళం తీసి, మూత ఎత్తారు.

మర్నాడు ఉదయానికి ఆ బావిమీద అత్తగారి సొంత తాళం వేలాడుతోంది. తాళంచెవి అల్లుడికి తప్ప ఇంట్లో అందరికీ ఇచ్చారు.