ఆదేశానుసారం పడిన ఓబుళేశు

నలుగురు మనుషులు కలిసి పనిచేయాలంటే ముందుగా ఆ నలుగురి చేతా పని మాన్పించాలన్నది ఆధునిక వాణిజ్యం కనిపెట్టిన మహాసత్యం. ఇది ఏ దేశంలో పుట్టిందో తెలియదు గానీ, నందికొట్కూరుకు మాత్రం ఒక సోమవారం పొద్దున, ఓబుళేశు మోటారు సైకిలు కిక్కు కొడుతుండగా, ఫోన్‌లో టింగుమంటూ వచ్చింది.

ఓబుళేశు నీలిధార డ్రిప్ పైపుల కంపెనీలో సేల్స్ ఆఫీసరు. పగలంతా పొలాల వెంట, దుకాణాల వెంట తిరగాలి. సాయంత్రం ఇంట్లో కూర్చుని, తిరిగినట్టు ఫోన్‌లో నిరూపించుకోవాలి. దీన్ని కంపెనీ హైబ్రిడ్ పద్ధతి అంటుంది. ఆ మాట విన్న రోజున అతని తల్లి మద్దమ్మ దిగులుపడింది.

"హైబ్రిడ్డంటే విత్తనాలు గదరా! పంట బాగానే వస్తాది, దాన్నే మళ్లా విత్తుకుంటే మాత్రం సరిగా రాదు. నీ ఉద్యోగం గూడా అంతేనా?"

"అంతేమా," అన్నాడు ఓబుళేశు. అంతకంటే స్పష్టంగా ఆ పద్ధతిని కంపెనీ కూడా ఎన్నడూ వివరించలేదు.

కర్నూలు కడప బృందంలో అతను కాక మైదుకూరు రాఘవేంద్రప్రసాద్, రాజంపేట నాగశ్రీ, ఆదోని బసవన్న ఉన్నారు. నలుగురూ ఒకరినొకరు ఎప్పుడూ కలుసుకోలేదు. అందువల్ల ఎంతో సఖ్యంగా ఉండేవాళ్లు. వీడియో మీటింగుల్లో ప్రసాద్ నుదురు మాత్రమే కనిపించేది. నాగశ్రీ ఎప్పుడూ బస్టాండులోనే దొరికేది. బసవన్న ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పెట్టేవాడు కాబట్టి అతన్ని అందరూ సీలింగు ఫ్యానుగానే ఎరుగుదురు. (ఒకసారి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే, "బసవన్నా, ఒంట్లో బాగలేదా?" అని నాగశ్రీ నిజంగానే కంగారుపడింది.)

పైపులు అమ్ముడవుతున్నాయి సరే, ఐక్యత మాటేమిటి అన్న చింత హైదరాబాదులోని ప్రధాన కార్యాలయాన్ని పట్టుకుంది. వెంటనే ప్రణీత అనే ఆమెను ప్రాంతీయ ఐక్యతాధికారిణిగా నియమించి, 'కలివిడి' అనే యాప్‌ను అందరి ఫోన్లలోకి దించారు. ఎవరి ఐక్యత నూటికి ఎంతో ఇక అదే చెబుతుంది.

మొదటి వారం ఆట పేరు 'రెండు నిజాలు, ఒక అబద్ధం'. ప్రసాద్ గొంతు సవరించుకుని, "నాకు పెళ్లయింది. నాకు చక్కెర జబ్బుండాది. ఈ నెల టార్గెట్టు కొడతాండా," అన్నాడు. అబద్ధం ఏదో అందరూ ఒక్కసారే కనిపెట్టేశారు. అంత ఏకాభిప్రాయం ఆ బృందంలో అంతకు ముందెన్నడూ రాలేదు. అయినా యాప్ మార్కులు తగ్గించింది.

ఆ తగ్గుదలను పూడ్చడానికే రెండో వారం 'నమ్మక పతనం' ప్రకటించారు. ఉద్యోగి కళ్లు మూసుకుని వెనక్కి పడాలి. వెనక నిలబడ్డ సహోద్యోగి పట్టుకోవాలి. పడేవాడు నందికొట్కూరులోనూ పట్టుకునేవాడు రాజంపేటలోనూ ఉన్నప్పుడు ఎలాగన్న సందేహం రాకుండా ప్రణీత సర్క్యులర్‌లోనే ఏర్పాటు చేసింది. కుటుంబ సభ్యులలో ఒకరిని 'తాత్కాలిక సహోద్యోగి'గా నియమించుకోవచ్చు. (జీతం ఉండదు. ఆ మాటకొస్తే, ఇన్సెంటివుల విషయంలో శాశ్వత సహోద్యోగుల పరిస్థితీ అదే.)

ఓబుళేశు ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యురాలు మద్దమ్మ ఒక్కతే. నిబంధనలన్నీ చదివి అంగీకరించినట్టు ఆమె వేలితోనే నొక్కించి, ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నాడు.

ముహూర్తానికి కాస్త ముందు వీరభద్రయ్య ఫోన్ చేశాడు. ఊళ్లో ఆయనదే పెద్ద పైపుల దుకాణం. మిరప నాట్లు మొదలయ్యాయి, రైతులు అంగట్లో నిలబడి ఉన్నారు.

"ఏమప్పా ఓబుళేశు, యాడుండావు? వేరే కంపినీ వాడు గూడా వచ్చి కూర్చున్నాడు ఈడ. నువ్వు వస్తే నీకే రాస్తా."

"వస్తాండా సేటూ. ఒక్క నిమిషం. పడేసి వస్తా."

"ఏం పడేసి?"

"నేనే సేటూ. పడాల. కంపినీ ఆర్డరు."

వీరభద్రయ్య వ్యాపారస్థుడు. అర్థం కాని విషయాల మీద మాటలు ఖర్చుపెట్టడు. ఫోన్ పెట్టేశాడు.

తెర మీద ప్రణీత ప్రత్యక్షమైంది. "అందరూ మ్యూట్‌లో ఉండండి. కళ్లు మూసుకోండి. మీ సహోద్యోగిని మనసారా నమ్మండి. తాత్కాలిక సహోద్యోగులు ఒక్కసారి కెమెరా వైపు చూసి చక్కగా నవ్వండి, ఫోటో తీస్తున్నాను. పడండి!"

మద్దమ్మ జీవితంలో ఎవరి మాటా కాదన్న మనిషి కాదు. పైగా కొత్త ఉద్యోగం. కెమెరా వైపు తిరిగి చక్కగా నవ్వింది. అదే క్షణంలో ఓబుళేశు ఆమెను మనసారా నమ్మాడు.

పడిన చప్పుడు మ్యూట్ వల్ల హైదరాబాదుకు చేరలేదు. ఫోటో మాత్రం చేరింది. నిండుగా నవ్వుతున్న పెద్దావిడ, వెనక ఖాళీ గోడ. 'మాటల్లో చెప్పలేని నమ్మకం' అన్న శీర్షికతో కంపెనీ పత్రికలో అది మొదటి పేజీకి ఎక్కింది.

నడుము పట్టేసింది. లేవకూడదన్నాడు డాక్టరు. మర్నాడు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పరామర్శ కాదు, విచారణ. పడటం ఉద్యోగ విధుల్లో భాగమే గానీ, నేల తగలడం మాత్రం ఇంటి వ్యవహారమని తేలింది. విధి నిర్వహణలో అలసత్వానికి తాత్కాలిక సహోద్యోగి మద్దమ్మను తొలగిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఓబుళేశు పడుకున్నచోటి నుంచే చదివి వినిపించాడు.

"నవ్వమనింది ఆయమ్మే గదరా?" అంది మద్దమ్మ. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. కొడుకు నడుముకు ఉప్పు కాపడం పెడుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పట్టుకుందునురా నేను. చిన్నప్పుడు యాన్నుంచి పడినా పట్టుకోలేదా?"

"పట్టుకున్నావు లేమా. అప్పుడు ఫోటోలు లేవు," అన్నాడు ఓబుళేశు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో ఎవరో పిలిచారు. చూస్తే ముగ్గురు. ఒకాయన అరటిపండ్ల గెల మోసుకొచ్చాడు. ఆయన నుదురు చూడగానే ప్రసాద్ అని ఓబుళేశు గుర్తుపట్టాడు. బస్సు దుమ్ముతో ఉన్న ఆమె నాగశ్రీ. మూడో మనిషి, బాగా లావుగా, నల్లగా, మొహమాటంగా గడప అవతలే నిలబడ్డాడు.

"ఎవురప్పా మీరు?" అన్నాడు ఓబుళేశు.

"నేనన్నా. ఫ్యాను."

మంచం మీద ఓబుళేశు నవ్వాడు. నవ్వితే నడుము పోటు పెడుతుంది. అయినా ఆగలేదు. మద్దమ్మ జొన్నరొట్టెలు చేసి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరింది. నలుగురూ తింటూ కంపెనీని, యాప్‌ను, ఎండలను తిట్టుకున్నారు. బసవన్న ఆదోని యాసలో, "దుడ్లు ఇచ్చేది పైపులమ్మితే గదన్నా. పడితే ఎవురిస్తారు?" అని అడిగాడు.

నాగశ్రీ చెయ్యి కడుక్కుంటూ అడిగింది. "అన్నా, నువ్వు పడిన పొద్దు ఏదో అంగడికి పోవాలంటివంట గదా. ఆ ఆర్డరేమాయె?"

"పోయుంటాదిలే అక్కా."

"పోయిందో లేదో పోయి చూస్తే గదా తెలిసేది."

ముగ్గురూ ఆ సాయంత్రమే వీరభద్రయ్య అంగడికి వెళ్లారు. వేరే కంపెనీ వాడు ఇంకా అక్కడే ఉన్నాడు గానీ, అతని సరుకు రాలేదు. నాగశ్రీ ఒక రైతును కూర్చోబెట్టి, రాజంపేట నిమ్మతోటల్లో ఏ పైపు ఎన్నాళ్లు మన్నిందో చెప్పింది. ప్రసాద్ మైదుకూరు గోడౌనుకు ఫోన్ చేసి తన వాటా సరుకు ఇటు మళ్లించాడు. పొద్దునకల్లా లారీ వచ్చింది. బసవన్న చొక్కా విప్పి పైపు చుట్టలు దించాడు. రైతులు ట్రాక్టర్లకు ఎత్తుకుపోయారు. అన్నీ ఓబుళేశు పేరు మీదే రాయించి, మంచం దగ్గరికొచ్చి చెప్పి, ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. వాళ్లు వెళ్లాక ఓబుళేశు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తల్లి చూసి, నొప్పేమో అనుకుని మళ్లీ ఉప్పు వేడిచేసింది. అతను నొప్పి కాదని చెప్పలేదు.

కలివిడి యాప్ ఆ రెండు రోజులనూ వేరుగా చూసింది. ఆదివారం 'చిరునవ్వుల పోటీ'లో నలుగురిలో ఒక్కరూ పాల్గొనలేదు. మూడు ఫోన్లు తమది కాని ప్రాంతంలో, అదీ ఒకే కప్పు కింద, అనుమానాస్పదంగా తిరిగాయి. ఐక్యత సున్నాకు పడిపోయింది. (అంతకు కిందికి కూడా పోయేదే గానీ, యాప్‌లో ఆ సౌకర్యం లేదు.)

అత్యవసర మీటింగు పెట్టారు. ప్రణీత ముఖంలో కోపం లేదు, వేదన ఉంది.

"ముగ్గురూ నందికొట్కూరు ఎందుకు వెళ్లారు?"

"ఓబుళేశన్న పడినాడు మేడం. చూసేదానికి పోయినాం," అంది నాగశ్రీ.

"చూడడానికి వీడియో కాల్ ఉంది కదా?"

ప్రణీత నిబంధనల కాగితం తీసింది.

"అనుమతి లేకుండా కలుసుకోవడం, పరిధి దాటి అమ్మడం రెండూ తీవ్రమైనవే. మీరు అనుకోకుండా కలిశామని రాసిస్తే ఈసారికి వదిలేయమని అడుగుతాను. లేకపోతే ఉద్యోగాల విషయం నా చేతుల్లో లేదు."

ప్రసాద్‌కు ఇద్దరు పిల్లలు. నాగశ్రీ తమ్ముడు చదువుతున్నాడు. నలుగురికీ ఉద్యోగం కావాలి. ఓబుళేశు మంచం మీదనుంచే అన్నాడు.

"నేను పిలిచినా మేడం. తప్పు నాది. నన్ను తీసెయ్యండి."

"లేదు మేడం, ఆయన్న పిలవల్యా. మేమే పోయినాం," అన్నాడు ప్రసాద్. ఆ రోజు మొట్టమొదటిసారి ఆదోనిలో మంచం మీదున్న ఫోన్ పైకి లేచింది. ఫ్యాను పక్కకు జరిగి, బసవన్న ముఖం తెర నిండా వచ్చింది. "తీసేస్తే అందర్నీ తీసెయ్యండి మేడం. రాసిచ్చేది మాత్రం లేదు."

ప్రణీత చాలాసేపు నోట్సు రాసుకుంది.

కంపెనీ ఎవరినీ తీసెయ్యలేదు. నీలిధార దయగల సంస్థ. పైగా ఆ నెల అమ్మకాలు బాగున్నాయి. సమస్యను లోతుగా పరిశీలించి, ఒకే బృందంలో నలుగురుండటమే అనైక్యతకు మూలమని తేల్చింది. కర్నూలు కడప బృందాన్ని రద్దుచేసి, నలుగురినీ నాలుగు బృందాలుగా ఏర్పాటు చేసింది. బృందానికొకరు. ఇకపై ఒక బృందం వాళ్లు ఇంకో బృందంతో మాట్లాడాలంటే లిఖితపూర్వక అనుమతి కావాలి.

ఉత్తర్వు అందేనాటికి ఓబుళేశు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాడు.

"ప్రమోషనంట గదా?" అంది మద్దమ్మ.

"అవును. టీమ్ లీడరును."

"నీ కింద ఎవురుండారు?"

"నేనే."

"పోనీలే నాయనా. పోట్లాడుకోకుండా ఉండండి," అంది మద్దమ్మ.

శుక్రవారం యాప్‌లో కొత్త సర్వే వచ్చింది. పేరు చెప్పనక్కర్లేదు, జవాబులు రహస్యంగా ఉంచుతామని పైనే రాశారు. ప్రశ్న ఒక్కటే. మీ బృంద నాయకుడి మీద మీకు నమ్మకం ఉందా?

ఓబుళేశు చాలాసేపు ఆలోచించి, 'చెప్పలేను' అని నొక్కాడు. సాయంత్రానికల్లా, ఆయన బృందంలో అసంతృప్తి ఉన్నట్టు తెలుస్తోందని, ఆ అసంతృప్తి ఎవరిదో వెంటనే గుర్తించి నివేదిక పంపాలని ప్రధాన కార్యాలయం నుంచి బృంద నాయకుడికి ఆదేశం అందింది.