విమానం ఉంటే నలభై ఒక్క నిమిషాలు

ప్రయాణానికి విమానం అక్కర్లేదు! నవ్వకండి, బాగా ఆలోచించే అంటున్నాను.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమెంతో, గాల్లో ఎంతసేపో చెప్పే సైట్లు ఇప్పుడు బోలెడు. పేర్లు కొడితే చాలు, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన గీత. మా ఊరి నుంచి మా అక్కయ్య ఊరికి రెండు వందల పన్నెండు కిలోమీటర్లట. నలభై ఒక్క నిమిషాలట. ఎంత ముచ్చటగా ఉంది! మధ్యలో కొండలున్నాయి, అడవి ఉంది. గీతకు అవో లెక్కా?

దీనివల్ల మా బంధుప్రేమ ఎంత పెరిగిందో చెప్పలేను. ఇదివరకు అక్కయ్య "ఎప్పుడొస్తావురా?" అంటే నీళ్లు నమిలేవాణ్ణి. ఇప్పుడు "ఎంతసేపక్కా, నలభై ఒక్క నిమిషాలు!" అంటున్నాను. ఆరేళ్లుగా ఇదే మాట. ఒక్కసారి కూడా వెళ్లకుండా ఇంత దగ్గరగా ఉన్న తమ్ముణ్ణి మీరెక్కడైనా చూశారా?

పోయిన వారం ఆవిడకు కంటి ఆపరేషన్ అన్నారు. "పక్కన నువ్వుంటే ధైర్యంరా" అంది. ఆపరేషన్ రోజు పొద్దున్నే బయల్దేరి పదింటికల్లా వాలిపోతానన్నాను.

మా ఎయిర్‌పోర్టంటే ఒక గది, ఒక కౌంటరు, సామాన్ల తూకం మిషను మీద గొడుగు ఆరబెట్టుకునే ఉద్యోగి ఒకాయన.

"అక్కడికి విమానం లేదు సార్."

"మరి నలభై ఒక్క నిమిషాలని ఉందే?"

"విమానం ఉంటే అంతే పడుతుంది సార్" అన్నాడాయన. ఎంత నిజాయితీ!

ఆ కొండల్లోంచి నేరుగా బస్సూ లేదు. ఉన్న విమానం రోజుకొక్కటే, రాజధానికి. అంటే అక్కయ్య ఊరికి వీపు పెట్టి వెళ్లాలి. ఎక్కాను. అక్కడ బెంచీ మీద ఏడు గంటలు కూర్చుని బస్సు పట్టుకున్నాను. మధ్యలో ఆవిడ ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నానక్కా" అన్నాను. అబద్ధమైతే కాదు కదా! మొత్తం ఇరవై ఆరు గంటలు పట్టింది.

మర్నాడు వెళ్లేసరికి అక్కయ్య గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కంటికి కట్టు లేదు.

"ఆపరేషన్ ఏమైందక్కా?"

"మా తమ్ముడు దారిలో ఉన్నాడు, నలభై నిమిషాల్లో వచ్చేస్తాడని డాక్టరుగారితో చెప్పానురా. పాపం, నన్ను లిస్టులో చివరికి వేసి చీకటిపడేదాకా ఆగాడు. ఆయనిక్కడికి నెలకోసారే వస్తాడు. ఇంక వచ్చే నెలే."

కోప్పడలేదు. దగ్గరికి రమ్మని, నా ముఖం చేత్తో తడిమి, "చిక్కిపోయావేంట్రా?" అంది. ఇరవై ఆరు గంటలూ తట్టుకున్నాను గానీ, ఆ మాట తట్టుకోలేకపోయాను.

"వచ్చే నెల దాకా ఇక్కడే ఉండు. నువ్వు దగ్గరున్నావంటే నేనింక నమ్మను" అని నా బ్యాగు లోపల పెట్టించేసింది.

అందుకే ఈ కాలమ్ అక్కయ్య ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆ సైటువాళ్లకు నాదొక చిన్న మనవి. అయ్యా, ఆ అంకె పక్కన "విమానం లేదు" అని రెండు మాటలు వేయండి. ఇంకా చోటుంటే, ఆరేళ్లుగా అక్క ముఖం చూడని తమ్ముళ్లు దీన్ని వాడరాదని కూడా రాయండి.