కడుపులో సీతాకోకచిలుకల కేసు

అనకాపల్లిలో బెల్లం తర్వాత చెప్పుకోదగ్గది నా బుర్ర. ఈ సంగతి ఊరు మొత్తం మీద నా ఒక్కడికే తెలుసు. కరెంటు ఉన్నంతసేపు జిరాక్స్ షాపు నడిపే ఈ తిమోతి, కరెంటు పోయిన మరుక్షణం డిటెక్టివ్. రెండువేల ఆరులో మా వీధిలో కరెంటు బాగానే పోయేది, కాబట్టి అనుభవానికి లోటు లేదు.

ఓ రోజు దీవెనమ్మత్త వచ్చి షాపు బల్ల మీద కూలబడింది.

"ఒరే తిమోతీ, మా హనోకు తిండి తినట్లేదురా. నిన్న సొక్కా తిరగేసుకుని కంపెనీ బస్సెక్కేసేడు. టీలో ఉప్పేసుకుని బాగుందన్నాడు. ఆదివారం సర్చిలో ఆడి పెళ్లి ప్రకటన. కృపాజ్యోతి లాంటి పిల్ల మళ్లీ దొరకదు. ఆడి మనసులో ఇంకో పిల్లేదైనా ఉందేటో కనుక్కో."

"నిశ్చింతగా ఇంటికెళ్లు అత్తా. నేరస్తుడు నా నీడను దాటి పోలేడు," అన్నాను. నా నీడ అప్పుడు అత్త చెప్పుల కింద ఉంది.

నా పరిశోధనకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. షాపుకి ఎదురుగా షెకీనా టీచర్ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. పాఠాలన్నీ కిటికీలోంచి వినపడతాయి. ప్రేమలో పడ్డవాళ్ల గురించి ఇంగ్లీషువాళ్లు ఏమేమంటారో ఆ వారమే చెప్పింది. కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయట. మోకాళ్లు నీరుగారిపోతాయట. నాలుకకు ముడి పడుతుందట. రోగం ముదిరితే తల కిందికీ మడమలు పైకీ అయిపోతాయట. ఆవిడ చెబుతుంటే నా కడుపులోనూ ఏదో కదిలింది గానీ, దాన్ని మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీల ఖాతాలో వేశాను.

ఆ సాయంత్రమే అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగిన హనోకును వెంబడించాను. అంటే, వాడే తిన్నగా నా షాపు ముందుకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, మొహానికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని షెకీనా క్లాసులో దూరాడు. నా గుండె గుభేలుమంది. పాపం కృపాజ్యోతి కోసమే అనుకున్నాను. డిటెక్టివ్ అన్నాక జాలి కూడా ఉండాలి కదా.

"ఏటి బావా, అక్కడికెందుకెళ్తన్నావు?" బయటికి రాగానే నిలదీశాను.

"నన్నేటీ అడక్కు బావా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

నాలుకకు ముడి. కేసు తేలిపోయింది.

ఆదివారం పాస్టరుగారు హనోకు, కృపాజ్యోతి పేర్లు చదివి, "ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్నయెడల తెలియజేయవలెను," అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పినవాడు మా చర్చి చరిత్రలో లేడు. నేను లేచాను.

"నాకుంది అయ్యగారూ. హనోకు ప్రేమిత్తన్నది షెకీనా టీచర్ని."

ఆడవాళ్ల వైపు కూర్చున్న కృపాజ్యోతి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. దీవెనమ్మత్త చేతిలో బైబిలు జారిపోయింది. ఓ ఆడపిల్ల పెళ్లి నా నోటితో చెడగొడుతున్నానని అప్పుడు తట్టింది. నిజంగా భయమేసింది.

హనోకు లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. "కృపాజ్యోతి పరవాడ కాన్వెంటులో ఇంగ్లీషు సెప్తాది అయ్యగారూ. పెళ్లికి ఆ టీచర్లందరూ వత్తారు. ఆళ్లేటైనా అడిగితే ఎర్రిమొహం ఏసుకుని నిలబడాలని తిండి సయించట్లేదు. అందుకే సాటుగా నేర్సుకుంటన్నాను."

చున్నీ వెనక కృపాజ్యోతి నవ్వుతోంది. నాకు ప్రాణం లేచివచ్చింది. అక్కడితో కూర్చుంటే నేను డిటెక్టివ్‌ని ఎందుకవుతాను?

"ఆధారాలున్నాయి అయ్యగారూ. షెకీనా టీచర్ని సూత్తే మోకాళ్లు వణకడం, మాట తడబడడం..." అంటూ ఆడవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చున్న ఆవిడ వైపు చూశాను. ఆవిడా నన్నే చూస్తోంది. అంతే, కాళ్లు పట్టు తప్పాయి. ముందున్న బెంచీ పట్టుకోబోయి, దాని మీదుగా అవతల పడ్డాను. తల కింద, మడమలు పైన.

సంఘ పెద్ద తాతబ్బాయి మామ నన్ను లేవదీసి ఎగాదిగా చూశాడు. "ఒరే, నీ సొక్కా తిరగేసుందేట్రా?"

చర్చి మొత్తం కేసు ఛేదించింది. నాకే కాస్త ఆలస్యమైంది. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని, "అభ్యంతరం కొట్టివేయడమైనది," అన్నారు.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే షెకీనా వచ్చింది. "ఐ... ఐ యామ్..." అని ఆగిపోయాను.

"మా నాన్నగారు సాయంత్రం ఇంట్లోనే ఉంటారు. వచ్చి మాటాడండి," అంది. కాస్త దూరం నడిచి వెనక్కి తిరిగింది.

"తెలుగులోనే మాటాడండి."