అత్తగారి బరువుకు స్ప్రింగులు

ఆ ఆదివారం చెంచురామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మోటారుసైకిలు సత్తెనపల్లి తీసుకెళ్ళి, గౌస్ బాషా షెడ్డులో వెనక స్ప్రింగులు మెత్తన చేయించి, చైను చక్రం మార్పించి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి.

అది మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి. కొండల్లో తిరగడానికి చేశారు. స్ప్రింగుల్లో కదలిక లేదు, నెమ్మదిగా పోనిస్తే ఇంజను ఆగిపోయేది. బస్సు రోడ్డుకూ ఊరికీ మధ్య నాలుగు మైళ్ళ డొంక ఉంది. వానల్లో ఎద్దుబళ్ళ చక్రాలు దిగిన గాళ్ళు మిరపకాయ కోతల నాటికి రాయిలా ఎండుతాయి. ఆ దారిన ఎద్దుబండిలో వచ్చినవాడు దిగాక కాసేపు నడుం పట్టుకుని నిలబడతాడు.

అవసరం అతని అత్తగారు వెంకటరావమ్మది. ఆమెకు ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంట్లో శుక్లం ముదిరింది. గుంటూరులో ఆపరేషన్ చేస్తామన్నారు. డాక్టరు ముందే చెప్పాడు: ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు కుదుపు తగలకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు. కుట్టు తెగితే ఆ కన్నూ ఉండదు.

వెంకటరావమ్మకు కూతురు తప్ప ఎవరూ లేరు. భర్త పోయాక పన్నెండేళ్ళుగా అల్లుడింట్లోనే ఉంది. ఆ ఇంటి ఆచారం ప్రకారం అత్తగారు అల్లుడి ఎదుట పడదు, అల్లుడు అత్తగారి వైపు చూడడు. అతనికి టైఫాయిడ్ వచ్చిన ఏడు జావ కాచి, మందు అరగదీసి, తలుపు చాటు నుంచి పంపింది ఆమే. అతను ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అసలు ఏ మాటా అనలేదు.

"వెనక ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగాడు గౌస్ బాషా.

"మా అత్తగారు."

"మీ వెనకా? ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోదు. అందుకే ఇంకా చెప్పలా."

బాషా వెనక సీటు తీసేసి, ఒక కుర్చీని వెనక్కి తిప్పి బిగిస్తానన్నాడు. వీపుకి వీపు ఆనించి కూర్చుంటే ఎవరూ ఎవర్నీ చూసినట్టు కాదు. చైను చక్రం పెద్దది వేస్తే వేగం తగ్గుద్ది, లాగుడు పెరుగుద్ది, ఇంజను ఆగకుండా మనిషి నడకన పోనీయొచ్చు.

"స్ప్రింగులకి మాత్రం బరువు తెలియాలండీ. తక్కువకి కడితే కింద కొట్టుద్ది, ఎక్కువకి కడితే పైకి ఎగరేస్తది. ఆవిడెంత ఉంటారు?"

"అత్తగారి బరువు నేనెట్టా చెబుతానయ్యా?"

"చూస్తే తెలవదా?"

"చూడటం ఎక్కడిది?"

చెంచురామయ్య బండి షెడ్డులో వదిలి, బస్సులో వచ్చి, భార్య పిచ్చమ్మకు విషయం చెప్పాడు. మర్నాడు వాకిట్లో మిరపకాయలు తూచడానికి బుడాన్ వచ్చి, మూడు కర్రల మీద కాటా కట్టాడు. చెంచురామయ్య పొలం వెళ్ళాడు. పిచ్చమ్మ తల్లిని చెయ్యి పట్టి తీసుకొచ్చి ఒక పళ్ళెంలో కూర్చోబెట్టింది.

"ఎందుకే నన్ను తూచటం?" అంది వెంకటరావమ్మ.

"డాక్టరు అడిగాడమ్మా."

బుడాన్ రెండో పళ్ళెంలో మిరపకాయలు పోయసాగాడు. సరిగ్గా అప్పుడు పక్కింటి మౌలాబీ నీళ్ళబిందెతో వచ్చింది. చూసి, బిందె దించింది.

"ఏం పిచ్చమ్మా, దర్గాకి మొక్కా? అమ్మ కంటికోసమా?"

మోటారుసైకిలు సంగతి తల్లి ముందు చెబితే ఆమె గుంటూరే వెళ్ళనంటుంది. పిచ్చమ్మ "ఊఁ" అంది.

ఆ ఊళ్ళో మనిషి బరువుకు సరితూచి దర్గాకిచ్చే మొక్కు తూచేటప్పుడు చూసినవాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళరు. మౌలాబీ ఇంట్లోకి వెళ్ళి దోసెడు మిరపకాయలు తెచ్చి పళ్ళెంలో వేసింది. వీధిలో వాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. దోసెళ్ళు చేటలయ్యాయి. మిరపకాయల పళ్ళెం నేలకు ఆనింది. వెంకటరావమ్మ తన పళ్ళెంతో పాటు గాల్లోకి లేచి, గొలుసులు పట్టుకుని కూర్చుంది.

"ఇంక చాలమ్మా, ఆవిడ తాటాకులా ఊగుతోంది," అన్నాడు బుడాన్.

"నీ సొమ్మేం పోయిందిరా, దేవుడి పని," అని ఒక ముసలమ్మ ఇంకో చేటెడు పోసింది.

సాయంత్రం చెంచురామయ్యకు బుడాన్ దారిలో ఎదురయ్యాడు.

"ఎంత తూగింది బుడాన్?"

"రెండు బస్తాలకి కాస్త తక్కువండి," అన్నాడు బుడాన్. అతను చెప్పింది మిరపకాయల లెక్క.

చెంచురామయ్య ఆగిపోయాడు. అత్తగారు రెండు బస్తాల మనిషని అతను అనుకోలేదు. అయితే, కాదనడానికి ఆమెను ఎన్నడూ చూడలేదు. మర్నాడు సత్తెనపల్లి వెళ్ళి అదే చెప్పాడు. బాషా స్ప్రింగుల కింద వాషర్లు పేర్చి బిగించాడు. కుర్చీలో ఆ బరువుకు సరిపడా ఇసుక మూటలు కట్టి చెరువుకట్ట మీద నడిపి చూశాడు. కుర్చీకి వేలాడదీసిన చెంబులో నీళ్ళు తొణకలేదు.

బండితో ఇంటికి వచ్చేసరికి దర్గా చూసుకునే అలీ సాహెబ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మొక్కు సంగతి విన్నాం బాబూ. అత్తగారి కోసం ఇంత చేసే అల్లుడు ఈ చుట్టుపక్కల లేడు. అమ్మ వచ్చే రోజున దర్గాలో వంట పెట్టుకుందాం."

"ఏ మొక్కు?" అనబోయాడు చెంచురామయ్య. తలుపు చాటు నుంచి వెంకటరావమ్మ గొంతు వినబడింది.

"పిచ్చమ్మా, అల్లుడు గారికి నా దణ్ణమని చెప్పవే. నా కన్ను వచ్చినా రాకపోయినా ఇంతమంది నా కోసం తలా ఒక దోసెడు వేశారు. అది చాలు."

మొక్కలేదని చెప్పి ఆ కంటికి ఏమైనా అయితే? చెంచురామయ్య అలీ సాహెబ్‌తో "అట్టాగే కానియ్యండి" అన్నాడు. పిచ్చమ్మ ఆ రాత్రే తల్లికి మోటారుసైకిలు సంగతి చెప్పింది. మొక్కు తీర్చే మనిషి మాట కాదనలేక ఆమె ఒప్పుకుంది.

ఆపరేషన్ అయింది. కుట్టు నిలిచింది. ఆమె ఊరికి వచ్చే రోజున, మొక్కు కదా అని, ఊళ్ళో సగం మంది బస్సు రోడ్డు దగ్గరికి వచ్చారు. బాషా కూడా తన పనితనం చూసుకోవడానికి వచ్చాడు. మొక్కు మిరపకాయలు ముందే దర్గా చేరాయి. పచ్చ అద్దాలు పెట్టుకున్న వెంకటరావమ్మను పిచ్చమ్మ బస్సు దింపి కుర్చీలో కూర్చోబెట్టింది. స్ప్రింగులు అంగుళం కూడా దిగలేదు. బాషా మొహం మాడింది.

"చెంచురామయ్య గారూ, రెండు బస్తాలన్నారు. ఈవిడ బస్తా కూడా లేరే."

"బుడాన్ చెప్పాడయ్యా."

"నేను మిరపకాయలు చెప్పానండి," అన్నాడు బుడాన్. "ఆవిడ బరువు ఎవరడిగారు?"

"ఇట్టాగే పోనిస్తే మొదటి గాడిలోనే ఎగరేస్తది," అన్నాడు బాషా. "వాషర్లు తీద్దామంటే సామాను షెడ్డులో ఉంది."

"నేను నడుస్తానే," అంది వెంకటరావమ్మ.

"నాలుగు మైళ్ళా? గాడిలో కాలు మడతబడి పడితే?" అంది పిచ్చమ్మ.

ఎవరో పక్క కల్లంలోంచి మిరపకాయల బస్తా తెచ్చి కడదామన్నారు. "తుమ్మితే కన్ను పోద్ది," అని మౌలాబీ ఆ మనిషిని వెనక్కి నెట్టింది. తర్వాత ఆమే చేలోకి దిగి, మట్టిగడ్డ ఒకటి రెండు చేతులా ఎత్తి తెచ్చింది. మిగతావాళ్ళు అర్థం చేసుకున్నారు. తువ్వాళ్ళు విప్పి, గడ్డలు మూటలు కట్టి, కుర్చీకి రెండు వైపులా వేలాడదీశారు. బాషా ఒక్కో మూటకూ కుర్చీని నొక్కి చూసి, "ఇంకొకటి" అన్నాడు. స్ప్రింగులు దిగాయి. నొక్కితే మెల్లగా పైకి లేచాయి.

"ఇప్పుడు సరి," అన్నాడు.

చెంచురామయ్య మొదటి గేరు వేశాడు. పెద్ద చక్రం పుణ్యమా అని బండి మనుషులతో సమంగా నడిచింది. గాడి వచ్చినప్పుడల్లా బాషా పక్కన నడుస్తూ "నిదానం, నిదానం" అన్నాడు. కుర్చీ పడవలా కిందికి దిగి, పైకి తేలింది. దర్గా దగ్గర ఆగి మొక్కు అప్పజెప్పారు. ఎవరూ మొక్కని ఆ మొక్కును చెంచురామయ్య రెండు చేతులూ జోడించి తీర్చాడు.

అక్కడి నుంచి ఊరు మైలు దూరం. వెనక్కి తిరిగి కూర్చున్న వెంకటరావమ్మకు డొంక నిండా జనం కనబడ్డారు. మౌలాబీ, బుడాన్, చేటెడు పోసిన ముసలమ్మ. ఎన్నో ఏళ్ళుగా గొంతులుగా మిగిలినవాళ్ళకు ఇప్పుడు మొహాలున్నాయి. ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. తర్వాత ఏడుపు ఎక్కిలి వచ్చింది.

ఇంజను చప్పుడులోనూ చెంచురామయ్యకు ఆ ఎక్కిలి వినబడింది. పిచ్చమ్మ ఎక్కడో జనంలో ఉంది. చెప్పించడానికి వేరే మనిషి లేడు. అతను తల వెనక్కి తిప్పాడు.

"ఏడవొద్దండీ అత్తయ్య గారూ. కుట్టు తెగుద్ది. టైఫాయిడ్‌లో నన్ను బతికించింది మీరు. మీ కన్ను నాకు కావాలి."

నడుస్తున్నవాళ్ళు నడక ఆపారు. వెంకటరావమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి అల్లుడితో మాట్లాడింది.

"ఏడవను గాని, మీరు దారి చూసుకోండి నాయనా."

చెంచురామయ్య దారి చూసుకున్నాడు.