హైప్రెషర్ పంపు పోయిన శుభవేళ

డీజిల్ కారున్న ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా హైప్రెషర్ పంపు పోవాలి! పోనివాళ్ళను చూస్తే నాకు జాలి. తమ చుట్టాలెలాంటివాళ్ళో వాళ్ళకింకా తెలియదు పాపం.

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. మా పంపు పోయింది. అదీ ఎప్పుడు? మా అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు! రోజు విడిచి రోజు ఆస్పత్రికి తీసుకొచ్చి వ్యాయామం చేయించాలనీ, ఇప్పుడు వంగని మోకాలు ఇక జన్మలో వంగదనీ డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. మోకాలు వంగాలంటే కారు కదలాలి కదా. అదేమో ఇంటి ముందు నిలబడి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

మెకానిక్ వచ్చాడు. ఈయన గుండెజబ్బుల డాక్టరు కావలసినవాడు, ఎక్కడో దారి తప్పాడు. బానెట్ ఎత్తి, ఇంజను నాడి చూసి, "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే పిలవండి" అన్నాడు. నేనే పెద్దవాణ్ణన్నాను. నమ్మలేదు. మా ఆవిడ వచ్చాకే నోరు విప్పాడు.

"డీజిల్‌ని గట్టిగా నొక్కి ఇంజనుకి కొట్టేది ఈ పంపేనమ్మా. దీనికి వేరే నూనె ఉండదు. డీజిలే తిండి, డీజిలే నూనె. ట్యాంకు ఎండగట్టారనుకోండి, డీజిల్‌లో నీళ్ళో మట్టో చేరాయనుకోండి, తనను తానే అరగదీసుకుంటుంది" అంటూ తెల్లటి గిన్నెలోకి కాస్త డీజిల్ పట్టి చూపించాడు. అందులో ఇనపరజను తళతళలాడుతోంది. "చూశారా? ఇది పైపులన్నిట్లోకీ పాకింది. బండిని షెడ్డులో పెట్టుకోవాలి. ఎన్నాళ్ళని మాత్రం అడక్కండి. అసలింతకీ దీన్ని ఎవరు తోలతారు?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఎవరని చెప్పను? ఆ కారు పేరుకే మాది. మా చుట్టాలకు బళ్ళు లేక కాదు, ఉన్నవి తోలితే అరిగిపోతాయని వాళ్ళ భయం. మా అక్క మొగుడు పెద్దబావగారికి నిగనిగలాడే కరెంటు కారుంది. దాన్ని ఛార్జింగుకని గోడకు గుచ్చి, గుడ్డ కప్పి, పొరుగూళ్ళన్నీ మా డీజిల్ కారులో తిరుగుతారు. తిరిగి తెచ్చి నిలిపేసరికి డీజిల్ ముల్లు అడుగంటి, ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. "ఇంటిదాకా సరిగ్గా సరిపెట్టాను చూడు బావా!" అని నా భుజం తడతారు. అలా సరిపెట్టడం ఎంత పెద్ద విద్యో మీరే చెప్పండి.

మా బావమరిది అంత పిసినారి కాదు, డీజిల్ పోయించే ఇస్తాడు. ఎక్కడ పోయించాడని అడగకూడదంతే. "రోడ్డు పక్కన డబ్బాల్లో అమ్ముతున్నారు బావా, సగానికి సగం చవక!" అంటాడు. ఆ డబ్బాల్లో నీళ్ళుంటాయి, మట్టి ఉంటుంది. వెతికితే కాస్త డీజిల్ కూడా దొరక్కపోదు.

ఇక మా తోడల్లుడు. డీజిల్‌లో నీళ్ళు చేరాయి మహాప్రభో అంటూ స్టీరింగ్ వెనక ఒక దీపం వెలిగిందట. అది కంట్లో పడి ఆయనకు ఇబ్బందయిందట. అందుకని వాళ్ళ పాప దగ్గర కుందేలు స్టిక్కరొకటి తీసుకుని దానిమీద అంటించాడు! ఆ కుందేలు లోపలినుంచి వెలుగుతూ నవ్వుతుంటే ఏమీ తెలియని మేము ముచ్చటపడ్డాం కూడా.

మెకానిక్ ఎండిన ట్యాంకన్నాడు, నీళ్ళన్నాడు, మట్టన్నాడు. అసలు కారణం మాత్రం ఆయన గిన్నెలో పడలేదు. దాని పేరు మొహమాటం. తాళాలడిగితే కాదనలేని ఇంట్లో ఏ పంపయినా ఎన్నాళ్ళు బతుకుతుంది? ప్రెషరంతా పంపులోనే ఉంటుందని కంపెనీవాళ్ళ నమ్మకం. మా ఇంట్లో అది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, కాఫీ తాగి, తాళాలు పట్టుకుపోతుంది.

సరే, బండి షెడ్డుకెళ్ళింది. మర్నాడు అమ్మ వ్యాయామం. ముగ్గురికీ ఫోన్ చేశాను. అప్పుడే నాకు తెలిసింది, పంపు పోవడం అంటువ్యాధి అని!

"అయ్యో బావా, నా బండికీ ఇప్పుడే పంపు పోయింది!" అన్నాడు బావమరిది. మాట వెనకాలే వాడి హారన్ వినబడుతోంది.

"మాదీ అంతే బ్రదర్, పంపే" అన్నాడు తోడల్లుడు.

పెద్దబావగారు అందరికంటే ఎక్కువ బాధపడ్డారు. "అత్తయ్యగారి కోసం ప్రాణమైనా ఇస్తాను బావా. ఏం చేయను, మా కారుకీ డీజిల్ పంపు పోయింది!"

ఆయనది కరెంటు కారని ఇందాకే మనవి చేశాను.

మర్నాడు అమ్మా నేనూ బస్సుకు వెళ్ళాం. మంచి కాలు మెట్టు మీద పెట్టి, కుట్లున్న కాలు పైకెత్తలేక అమ్మ కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. వెనక జనం ఓపిగ్గా నిలబడ్డారు. "నాకేం ఫరవాలేదురా" అంది, పళ్ళు బిగించి. జోకులు రాసి బతికేవాణ్ణి, ఆ మెట్టు దగ్గర నాకు ఒక్క జోకూ తట్టలేదు. ఏడుపొచ్చింది.

అయినా మేలు మరిచిపోకూడదు! బండి లేనన్నాళ్ళూ మా గుమ్మంలో పరాయి చెప్పులు కనబడలేదు. సోఫాలో మేమే కూర్చున్నాం. బస్సుల్లో తిరిగి తిరిగే అమ్మ మోకాలు మెల్లగా వంగడం మొదలుపెట్టింది.

నిన్న బండి ఇంటికొచ్చింది. కొత్త పంపు, కొత్త ఫిల్టరు, నిండు ట్యాంకు. కుందేల్ని మా ఆవిడ గోటితో గీకి పారేసింది. "ట్యాంకు ఎండనివ్వకండి, నమ్మకమైన బంకులోనే పోయించండి, ఫిల్టరు వేళకి మార్పించండి, దీపం వెలిగితే వెంటనే నా దగ్గరికి రండి" అని మెకానిక్ పథ్యం చెప్పి వెళ్ళాడు. మొహమాటానికి ఏ ఫిల్టరు వేయించాలో ఆయననీ అడగలేకపోయాను, మొహమాటమేసి.

సాయంత్రానికల్లా ఫోన్ మోగింది. పెద్దబావగారు! స్పీకర్‌లో పెట్టాను. అమ్మ పక్కనే మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది.

"బండి బాగయిందటగా బావా! అత్తయ్యగారిని చూడ్డానికి ఆదివారం అందరం వద్దామనుకుంటున్నాం. పొద్దున్నే బండి పంపించు."

"అంతకంటేనా..." అని నా నోరు దానంతటదే మొదలుపెట్టింది. అమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుంది. మా అమ్మ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. అల్లుడుగారికి ఎదురుచెప్పగా అసలే వినలేదు.

"నాకేం ఫరవాలేదు బాబూ, బాగానే ఉన్నాను" అంది. "బండికే మళ్ళీ పంపు పోయింది. మీ కరెంటు కారుకి డీజిల్ పంపు బాగయ్యాక, అందులో రండి."

ఫోన్ నాకిచ్చేసి, కారు తాళాలు అడిగి తీసుకుని, దిండు కింద పెట్టుకుంది.