ఏడు మార్కుల చుక్క

ఆ పొద్దున లింబాద్రి పెట్టుకున్న పని ఒక్కటే: సెలవు కాగితం మీద ఖమరుద్దీన్ సాబ్ సంతకం. అది తొంభై మూడు, జూన్ నెల. ఒమన్‌లో బహ్లా దగ్గరి రోడ్డు కంపెనీ క్యాంపులో అతను జనరేటర్ ఆపరేటర్. వచ్చి రెండేళ్లు. తను వచ్చాక పుట్టిన కూతురికి నడక కూడా వచ్చేసింది, తండ్రి మొహం తెలియకుండానే.

క్యాంపు ఇన్‌ఛార్జి ఖమరుద్దీన్‌ది హైదరాబాద్. టెలిస్కోప్ పిచ్చి తప్ప మనిషి మంచివాడు.

"దేఖో లింబాద్రీ, నిన్న చూపించిన కొత్త చుక్క యాదికుందా? మరుగుజ్జు నోవా అంటరు. మసకగా ఉండి ఉన్నట్టుండి భగ్గుమంటది. నేను మస్కట్ పోతున్న, ఈ రాత్రి నువ్వు చూడు. పక్కన పెద్ద చుక్కకు పది మార్కులు, చిన్నదానికి సున్నా. నడుమ దీనికెన్నో పది నిమిషాలకోసారి రాయి. ఎనిమిది నుంచి పన్నెండు దాకా. రేపొచ్చి సంతకం పెడ్త."

రాత్రి చుక్క ఏడుతో మొదలై ఆరుకు, ఐదుకు దిగింది. మళ్లీ ఎక్కింది. లింబాద్రికి రాయడానికి చెయ్యి రాలేదు. వెలుగు ఎగుడుదిగుడైతే తప్పు జనరేటర్‌దేనని అతనికి సర్వీసు నేర్పింది. పరుగెత్తి జనరేటర్ ఆపేశాడు. చుక్క తన పని తను చేసుకుపోయింది. ఏసీలు ఆగిన నలభై మంది మాత్రం బనియన్లతో బయటికొచ్చారు.

వంటమనిషి పోచన్న సంగతి విని, టెలిస్కోప్‌లో కన్ను పెట్టి తేల్చేశాడు. "దీనికి ఓల్టేజీ సక్కగ లేదు తమ్మీ."

"గట్లనే రాయనా అన్నా?"

"పిచ్చోనివా? పోయినేడు జనరేటర్ రిజిస్టర్ల ఉన్నదున్నట్టు రాస్తే మేనేజర్ మెమో ఇయ్యలేదా? సంతకం గావాల్నా, వద్దా?"

నలభై మందీ అతని మేలు కోరేవాళ్లే. అందరూ కలిసి ఏడు ఖాయం చేశారు. పన్నెండు కొట్టేసరికి పేజీ నిండా ఏడులే.

మర్నాడు ఆ పేజీ చూసి ఖమరుద్దీన్ కూలబడ్డాడు. "అరే, ఆ ఎగుడుదిగుడే కదా నాక్కావాల్సింది! గంటన్నరకోసారి ఉబ్బుతదా లేదా అని!"

లింబాద్రి ఏడ్చేశాడు. బిడ్డను చూడాలన్న ఆశతో అబద్ధం రాశానని ఒప్పుకున్నాడు. తర్వాత తేరుకుని, "అసలుది నోటికున్నది సాబ్. రిజిస్టర్ల రాసేది మేనేజర్‌కు, మనసుల పెట్టుకునేది ఇంజన్‌కు," అన్నాడు. పాతిక అంకెలూ వరసగా అప్పజెప్పాడు. గ్రాఫ్ కాగితం మీద రెండు నిండు మూపురాలు, ఒక సగం మూపురం లేచాయి.

ఖమరుద్దీన్ అతన్ని కౌగిలించుకున్నాడు. సెలవు కాగితం మీద సంతకమూ పెట్టాడు, తేదీ తప్ప.

"నీ అసుంటి కన్ను నాకు లేదు. ఆ చుక్క సున్నాకు దిగిన మర్నాడే నీ ఫ్లైట్. నేను మళ్ల చూడ, నీ మాటే మాట."

ఈ దేశానికి వచ్చాక లింబాద్రితో ఆ ముక్క అన్నవాడు మరొకడు లేడు.

ఆ రాత్రి చాలాసేపు టెలిస్కోప్ దగ్గరే కూర్చున్నాడు. సున్నా చుట్టడం ఎంత పని? కూతురు గుర్తొచ్చింది. మళ్లీ ఒకసారి చూశాడు. చుక్క ఇంకా భగ్గుమంటూనే ఉంది.

ఎనిమిది మార్కులు వేశాడు.