నూనె వేసిన తలుపు

ఆ పొద్దున వడ్రంగి తాత పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఐదయ్యేలోపు సంగీతం మాస్టారి పాఠాల గది తలుపుకి నూనె వెయ్యాలి. పావుగంట పని.

ఆ తలుపు కిర్రు ఇవాళ్టిది కాదు. మనవరాల్ని వయొలిన్ పాఠానికి తీసుకెళ్ళి, బయట బల్ల మీద కూర్చుని ఎనిమిదేళ్ళుగా వింటున్నాడు. వడ్రంగి చెవికి అది పంటి కింద రాయి. చిన్నప్పుడు ఆ పిల్ల కొత్తవాళ్ళ ముందు నోరు విప్పేది కాదు. బళ్ళో మూగపిల్ల అనేవాళ్ళు. మాస్టారొక్కరే, "మాట్లాడకపోతే పోనీ మేస్త్రీ, వాయించనీ" అన్నారు. ఇప్పుడా పిల్ల నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. ఈ మేలుకి మాస్టారికి ఏం చెయ్యాలా అని తాత ఎనిమిదేళ్ళు ఆలోచించాడు. ఆయన కొత్తగా కూర్చిన సంగీతం ఇవాళ మొదటిసారి జనం ముందు వినిపిస్తున్నారు. మొదలుపెట్టేది మనవరాలు. ఇంతమంది వచ్చే గదికి అలాంటి తలుపా?

నూనె సీసా సంచిలో వేసుకుంటుంటే అవ్వ చూసింది.

"ఏవయ్యా, మన సామాన్ల గది తలుపు ఇరవయ్యేళ్ళుగా ఏడుస్తోంది. దానికీ రెండు చుక్కలు చూపించొచ్చుగా?"

"రేపు."

"నీ రేపుకి గడ్డం కూడా నెరిసింది!"

మధ్యాహ్నం వెళ్ళేసరికి మాస్టారు ఇంట్లో లేరు. అదీ మంచిదే అనుకున్నాడు తాత. తలుపు దింపాడు, మడతబందులు తుడిచాడు, నూనె పట్టించాడు. కింది బందు కోసం గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు కూడా ఏదో అన్నాయి గానీ, వాటి గోల ఎప్పుడూ ఉండేదే. తలుపు ఎక్కించి వేలితో తోస్తే వెన్నలా జారింది. తాత కడుపు నిండిపోయింది.

మూడింటికి మనవరాలు వచ్చింది. తలుపు తోసింది. మళ్ళీ తోసింది. మొహం పాలిపోయింది.

"తాతా, దీనికేమైంది?"

"బాగైంది తల్లీ!"

"కొంప ముంచావు తాతా!"

చేతిలో ఉన్న స్వరాల కాగితం చూపించింది. గీతల మధ్య అన్నీ చుక్కలే, పైన మాత్రం ఓ తలుపు బొమ్మ, పక్కన వంకరగా సాగిన గీత. మాస్టారి సంగీతమంతా అంతే. ఒకదాంట్లో కారే కుళాయి ఉంటుంది, ఇంకోదాంట్లో కుట్టుమిషను, మరోదాంట్లో మెట్లెక్కలేక రొప్పే పోస్టుమాన్. ఇందులో ఈ తలుపు.

"మాస్టారు తలుపు తీస్తారు. అది కిర్రుమంటుంది. ఆ కిర్రులోంచే నేను మొదటి స్వరం పట్టుకోవాలి. నాతో వాయించే మిగతా ముగ్గురూ నన్ను పట్టుకుంటారు."

"అది పలక్కపోతే?"

"నేనూ పలకను. ఇంత జనం ముందు మళ్ళీ మూగపిల్లనే."

తాత సబ్బునీళ్ళతో బందులు కడిగాడు. కిర్రు రాలేదు, చెక్క నీళ్ళు తాగి ఉబ్బి తలుపు బిగుసుకుంది. చిత్రిక పట్టాడు. కంగార్లో కాస్త ఎక్కువే పట్టాడు. ఇప్పుడు తలుపు ఎవరూ ముట్టుకోకుండానే తెరుచుకుంటోంది, అదీ నోరెత్తకుండా. బందుల్లో ఇసుక పోస్తే గుర్రుమంది.

"తాతా, ఇది గురక. నాకు కిర్రు కావాలి!"

ఇసుకంతా తుడిచేస్తుంటే అప్పుడు వెలిగింది. సామాన్ల గది తలుపు! ఇరవయ్యేళ్ళు బద్ధకించడం ఎంత మంచిదైంది! దాన్ని ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగిస్తే సరి. ఇంటికి పరుగెత్తాడు, తలుపు పట్టి లాగాడు. చప్పుడు లేదు.

"ఎలా ఉంది?" అంది అవ్వ మురిసిపోతూ. "నీ రేపు కోసం చూసి చూసి నేనే వేశా. కొబ్బరినూనె!"

తాత అక్కడే కూలబడ్డాడు.

ఐదింటికి గది నిండిపోయింది. అవ్వ ముందు వరసలో కూర్చుంది. తలుపు బయట మాస్టారు, ఆయన వెనకాల దొంగలా తాత.

"మాస్టారూ, మీకు మేలు చెయ్యబోయి..."

మాస్టారు పెదాల మీద వేలుంచి తలుపు తోశారు.

వెన్న.

గదిలో ఊపిరి వినపడేంత నిశ్శబ్దం. మనవరాలు విల్లు పైకెత్తి అలాగే ఉండిపోయింది. తాత ఆగలేకపోయాడు. తలుపు కింద పట్టుకుని కాస్త పైకెత్తితే బందు రాసుకుని ఏదో ఒకటి పలుకుతుందని గొంతుక్కూర్చున్నాడు.

కిర్ర్ర్ర్ర్.

పొడుగ్గా, వంకరగా, చివర్లో పైకి లేస్తూ వచ్చింది. తలుపులోంచి కాదు, మోకాళ్ళలోంచి.

మనవరాలికి ఆ చప్పుడు ఊయల్లో ఉన్నప్పట్నించీ తెలుసు. కళ్ళు మూసుకుని ఆ చివరనే పట్టుకుంది. ముగ్గురూ ఆమెను పట్టుకున్నారు. సంగీతం ఏరులా కదిలింది. తాత లేవలేదు. లేస్తే మళ్ళీ పలుకుతాయేమోనని అరగంటా అలాగే కూర్చున్నాడు.

చప్పట్లయ్యాక మాస్టారే చెయ్యిచ్చి లేపారు.

"క్షమించండి మాస్టారూ. తలుపు పాడు చేశాను."

"ఎనిమిదేళ్ళుగా అది కిర్రుమంటే మీరొచ్చారని తెలిసేది మేస్త్రీ. ఎండైనా వానైనా పిల్లని ఒక్క పాఠం మాననివ్వలేదు. దానికేం చెయ్యాలో తెలీక ఇది కూర్చాను, మీకోసమే."

మాస్టారు కాగితం తీసి, తలుపు బొమ్మ కొట్టేసి, పక్కన ఓ మోకాలు గీశారు.

వచ్చే నెల మళ్ళీ కచేరీ. డాక్టరు మోకాళ్ళకి రోజూ నూనె రాయమన్నాడు గానీ, అవ్వ సీసా దాచేసింది.